ఒకే ఫ్రీక్వెన్సీ, రెండు సంభాషణలు

రిపీటర్ స్టేషన్ చేసే పనిని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. ఒక ఫ్రీక్వెన్సీ మీద విన్నదాన్ని అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద బలంగా పలకడం. కష్టమంతా ‘అదే క్షణంలో’ అన్నచోటే ఉంది. ట్రాన్స్‌మిటర్ 40 వాట్ల శక్తిని యాంటెన్నాలోకి నెడుతూ ఉంటుంది. ముప్ఫై, నలభై కిలోమీటర్ల అవతల ఎవరో చేతిసెట్టు పట్టుకుని మాట్లాడుతున్న మాట అదే యాంటెన్నాకు, వోల్టులో పదిలక్షలవ వంతు కూడా లేని సంకేతంగా వచ్చి చేరుతుంది. మంచి రిసీవర్ 0.3 మైక్రోవోల్టు సంకేతాన్ని కూడా పట్టుకుంటుంది. లెక్క కడితే, బయటికి పోతున్న శక్తి లోపలికి వస్తున్నదానికి సుమారు 22 వేల లక్షల కోట్ల రెట్లు. ఆ రెండూ ఒకే కేబుల్ మీద, ఒకదాన్నొకటి చెరపకుండా నడవాలి.

రిపీటర్ డిజిటల్ అయినంత మాత్రాన ఈ లెక్క మారదు. డీఎంఆర్, అంటే డిజిటల్ మొబైల్ రేడియో, ఇవాళ ఓడరేవుల్లో, ఫ్యాక్టరీల్లో, పెద్ద హోటళ్లలో సెక్యూరిటీ సిబ్బంది చేతుల్లో కనిపిస్తోంది. హామ్ రేడియో అభిరుచి ఉన్నవాళ్లూ దాన్ని ఇష్టంగా అందుకున్నారు. సొంతంగా స్టేషన్ పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది సాఫ్ట్‌వేర్ గురించి, ఇంటర్నెట్ లింకు గురించి. స్టేషన్ నిలబడేదీ పడిపోయేదీ మాత్రం ఎత్తు దగ్గర, కేబుల్ దగ్గర, డూప్లెక్సర్ దగ్గర, ఎర్తింగ్ దగ్గర. డిజిటల్ పద్ధతి ఈ పాత పనులను తేలిక చేయలేదు. వాటిని మునుపటికంటే నిక్కచ్చిగా చేయమంటోంది.

ముందు ఎత్తు సంగతి. 145 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే సాగుతాయి. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. నేల మీద నిలబడిన మనిషి చేతిలోని సెట్టు మీటరున్నర ఎత్తులో ఉంటుంది కాబట్టి దాని దిగంతం ఐదు కిలోమీటర్లు. ఇద్దరు మనుషులు చదునైన పొలాల్లో నిలబడి నేరుగా మాట్లాడుకుంటే పది కిలోమీటర్లు దాటడం కష్టం. ఊళ్లో, మేడల మధ్య అందులో సగం కూడా దక్కదు. ఇప్పుడు హార్సిలీ హిల్స్‌ను తీసుకోండి. సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తు. కింద ఉన్న మదనపల్లె పట్టణమే 695 మీటర్ల ఎత్తులో ఉంది కనుక, కొండ చుట్టుపక్కల నేలకంటే 570 మీటర్లు పైకి లేచి ఉన్నట్టు. సూత్రం ప్రకారం అలాంటి శిఖరం మీద పెట్టిన యాంటెన్నా దిగంతం సుమారు 98 కిలోమీటర్లు. చిన్న సెట్టు ఐదు వాట్ల శక్తి కొండమీది చెవికి చేరితే చాలు, రెండు మూడు జిల్లాలు వింటాయి. మధ్యలో అడ్డొచ్చే కొండల నీడలు ఈ లెక్కలో లేవు. నీడ ఎక్కడ పడుతుందో మ్యాపు మీద చూసి, తర్వాత బండి మీద తిరిగి తేల్చుకోవాల్సిందే.

ఎత్తు దొరికాక ఫ్రీక్వెన్సీ. ఇక్కడ భారతదేశపు హామ్‌లకు చోటు ఇరుకు. 70 సెంటీమీటర్ల బ్యాండులో మనకు దక్కింది 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ వరకు మాత్రమే. అందులో 435 నుంచి 438 దాకా ప్రపంచమంతటా అమెచ్యూర్ ఉపగ్రహాలు వాడుకునే భాగం. దాని మీద నేలమీది రిపీటర్ కూర్చుంటే, ఉపగ్రహం నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతం కోసం చెవులు రిక్కించినవాళ్ల పని పాడవుతుంది. వినే ఫ్రీక్వెన్సీకీ పలికే ఫ్రీక్వెన్సీకీ మధ్య ఐదు మెగాహెర్ట్జ్ దూరం ఉండేలా తయారై బజారులో దొరికే చిన్న డూప్లెక్సర్లు నాలుగు మెగాహెర్ట్జ్ వెడల్పున్న బ్యాండులో పనికిరావు. అందుకే చాలామంది 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండును ఎంచుకుంటారు. అక్కడ రెండు ఫ్రీక్వెన్సీల మధ్య ఆనవాయితీగా ఉండే దూరం 600 కిలోహెర్ట్జ్. మొత్తం ఫ్రీక్వెన్సీలో అది అర శాతం కూడా కాదు. ఆ సన్నని సందులోనే పైన చెప్పిన 22 వేల లక్షల కోట్ల తేడాను ఇమిడ్చాలి.

ఆ పని చేసేది డూప్లెక్సర్. చూడటానికి వరసగా నిలబెట్టిన లోహపు గొట్టాలు, పైన మరలు. ఒక్కో గొట్టాన్ని కావిటీ అంటారు. లోపల పావు తరంగం పొడవున్న కడ్డీ ఉంటుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగమంటే 52 సెంటీమీటర్లు, కాబట్టి ఈ బ్యాండు కావిటీలు దాదాపు మోకాలి ఎత్తుకు వస్తాయి. కడ్డీ పొడవు ఏ ఫ్రీక్వెన్సీకి సరిపోతే ఆ ఫ్రీక్వెన్సీ మీద కావిటీ మోగుతుంది. ట్రాన్స్‌మిటర్ వైపు మూడు, రిసీవర్ వైపు మూడు పెట్టి, ట్రాన్స్‌మిటర్ వైపువి రిసీవర్ ఫ్రీక్వెన్సీ మీది రొదను మింగేలా, రిసీవర్ వైపువి ట్రాన్స్‌మిటర్ శక్తిని అడ్డుకునేలా సర్దుతారు. ఒక్కో వైపు 80 నుంచి 90 డెసిబెల్‌ల అడ్డుగోడ కట్టగలిగితే స్టేషన్ వినగలదు. మరను కొద్దిగా తిప్పితే చాలు, కావిటీ అడ్డుకునే చోటును చూపే లోయలాంటి గీత పక్కకు జరిగిపోతుంది. ఎండకు లోహం వ్యాకోచించినా జరుగుతుంది. అందుకే మంచి కావిటీల్లో కడ్డీని సర్దే భాగానికి ఇన్వార్ అనే నికెల్–ఇనుము మిశ్రమలోహం వాడతారు. వేడికి అది దాదాపు సాగదు. రేకుల కప్పు కింద మే నెల మధ్యాహ్నం ఎంత వేడి పుడుతుందో రాయలసీమలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డూప్లెక్సర్‌ను సర్దాల్సింది కూడా ఆ వేడికి దగ్గరగా ఉన్న వాతావరణంలోనే. ఏసీ గదిలో సర్ది, కొండమీదికి మోసుకెళ్లి, మళ్లీ చూడకుండా వదిలేస్తే ఫలితం తెలిసిందే.

ఒకప్పుడు ఈ సర్దుబాటుకు లక్షల ఖరీదు చేసే పరికరం కావాలి. అరచేతిలో ఇమిడే నానోవీఎన్ఏ అనే కొలత పరికరం వచ్చాక ఆ వీలు చాలా మంది హామ్‌ల సంచిలోకి వచ్చింది. కావిటీల లోతైన లోయలను చివరంటా కొలిచే శక్తి దానికి లేకపోయినా, లోయ ఎక్కడ పడిందో చూపిస్తుంది. యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరిగి వస్తోందో కూడా చూపిస్తుంది. ఆ కొలతను ఎస్‌డబ్ల్యూఆర్ అంటారు. అది 1.5 అంటే నాలుగు శాతం శక్తి వెనక్కి వస్తున్నట్టు. అంతవరకు కంగారు పడాల్సిన పని లేదు. వర్షం పడ్డ మర్నాడు అది 2 దాటితే మాత్రం కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయన్నమాట.

కేబుల్ విషయంలో పొదుపు చేసేవాళ్లు చివరికి ఎక్కువ నష్టపోతారు. 40 వాట్లు డూప్లెక్సర్ దాటేసరికే, ఒకటిన్నర డెసిబెల్ నష్టం పోగా, 28 వాట్లవుతాయి. అక్కడినుంచి 30 మీటర్ల టవరు ఎక్కాలి. అరంగుళం మందం ఉన్న, రాగి పైతొడుగు ముడతలు ముడతలుగా ఉండే ఫీడర్ కేబుల్ అయితే పైన 23 వాట్ల పైచిలుకు మిగులుతుంది. అదే పాత ఆర్‌జీ-58 సన్న కేబుల్ అయితే ఏడు వాట్ల దగ్గర ఆగిపోతుంది. పోయిన శక్తి కేబుల్‌ను వెచ్చబెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. పైగా కేబుల్ మింగేది వెళ్లే శక్తినొక్కటే కాదు. దూరం నుంచి వచ్చే బలహీనమైన మాటనూ అంతే నిష్పత్తిలో మింగుతుంది. పంపే శక్తిని పెంచుకోవచ్చు, పోయిన మాటను పెంచుకోలేం.

కేబుల్ గదిలోకి దూరే ముందు దాన్ని కిందికి ఒక వంపు తిప్పాలి. అప్పుడు దాని వెంట జారే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. కనెక్టర్ల మీద తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు, దానిపైన మామూలు పీవీసీ టేపు చుట్టాలి. కొండల మీద కోతులుంటాయి. చేతికందిన కేబులును అవి వదలవు. నేల నుంచి మొదటి కొన్ని మీటర్లు ఇనుప గొట్టంలో నడపడం మంచిది.

తుప్పు గురించి కూడా ఒక మాట. విశాఖపట్నంలాంటి తీరప్రాంతంలో ఉప్పుగాలికి టవరు బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన రెండు లోహపు ముక్కల కలయిక విద్యుత్తును ఒకవైపు బాగా, మరోవైపు తక్కువగా పోనిస్తుంది, అంటే డయోడులా ప్రవర్తిస్తుంది. అదే టవరు మీద రెండు మూడు ట్రాన్స్‌మిటర్లుంటే వాటి ఫ్రీక్వెన్సీలు ఆ తుప్పులో కలిసి కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. వాటిలో ఒకటి సరిగ్గా రిపీటర్ వినే చోట పడిందంటే, పెట్టెలన్నీ మంచివే అయినా స్టేషన్‌కు చెవుడు వస్తుంది. నెలల తరబడి రేడియోలను అనుమానించి, చివరికి స్పానరుతో బోల్టులు విప్పి గీకి బిగించాక బాగుపడిన స్టేషన్లు ఉన్నాయి.

ఇక పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఎత్తయిన చోట ఒంటరిగా నిలబడిన ఇనుప టవరుకు ఈ రాష్ట్రంలో ఏ రక్షణ కావాలో ఆ అంకె చెబుతుంది. టవరు కాళ్లకు ఎర్త్ పిట్, అందులో రాగి పలక, బొగ్గు, ఉప్పు, వేసవిలో పోసే నీళ్లు మన ఎలక్ట్రీషియన్లకు బాగా తెలిసిన పద్ధతే. అంతగా తెలియనిది, అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. టవరు ఎర్త్, కేబుల్ మీద పిడుగును ఆపే అరెస్టర్ ఎర్త్, కరెంటు ఎర్త్ అన్నింటినీ ఒకేచోట కలపాలి. విడివిడిగా ఉంటే, పిడుగు పడ్డ క్షణంలో రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా ఏర్పడి అది రేడియో గుండా దారి వెతుక్కుంటుంది. రాతి కొండ మీద ఎర్త్ సరిగా దొరకదు కాబట్టి ఒక్క గుంటతో సరిపెట్టకుండా టవరు చుట్టూ రాగి పట్టీని పరిచి నాలుగైదు గుంటలకు కలపాల్సి వస్తుంది.

ఇంత చేశాకగానీ డిజిటల్ కథ మొదలవదు. అది నిజంగా చక్కని కథ.

డీఎంఆర్ ప్రమాణాన్ని యూరప్ టెలికం ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ 2005లో ప్రచురించింది. పాత అనలాగ్ వైర్‌లెస్‌లో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న చానల్‌లో ఒక్క సంభాషణే పడుతుంది. డీఎంఆర్ అదే వెడల్పులో రెండు పట్టిస్తుంది. కాలాన్ని 30 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక ముక్క మొదటి జంటకు, తర్వాతి ముక్క రెండో జంటకు, మళ్లీ మొదటి జంటకు ఇస్తుంది. ఒకే గిలక మీద ఇద్దరు వంతులవారీగా నీళ్లు చేదుకున్నట్టు. 30 మిల్లీసెకన్లలో చేతిసెట్టు పలికేది 27.5 మిల్లీసెకన్లు. మిగతా రెండున్నర మిల్లీసెకన్లు ఖాళీ. ట్రాన్స్‌మిటర్ లేవడానికీ పడటానికీ సమయం కావాలి, దూరం నుంచి వచ్చే తరంగం ఆలస్యానికీ చోటుండాలి. రేడియో తరంగం మిల్లీసెకనుకు 300 కిలోమీటర్లు పోతుంది. 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి రిపీటర్ సంకేతం చేరి, అతని జవాబు తిరిగి రావడానికి ఒక పూర్తి మిల్లీసెకను పడుతుంది. దానికి మించి దూరముంటే ఒకరి మాట అంచు పక్కవాళ్ల వంతులోకి జారే ప్రమాదం ఉంది.

ఆ 27.5 మిల్లీసెకన్లలో 264 బిట్లు పోతాయి. మధ్యలో 48 బిట్లు సమయం సరిచూసుకోవడానికీ, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పడానికీ. మిగిలిన 216 బిట్లలో 60 మిల్లీసెకన్ల మాట ఇమిడి ఉంటుంది. సెట్టు తన వంతు కోసం ఆగే సమయంలో కూడా మనిషి మాట్లాడుతూనే ఉంటాడు కదా. ఆగిన సమయపు మాటనూ కలిపి, నొక్కి, తర్వాతి వంతులో పంపేస్తుంది. సగం సమయమే ట్రాన్స్‌మిటర్ వెలిగి ఉంటుంది కాబట్టి చేతిసెట్టు బ్యాటరీ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.

మాటను అంతగా నొక్కడం ఎలా సాధ్యం? సెకనుకు 8,000 నమూనాలు, ఒక్కోదానికి 16 బిట్లు చొప్పున గొంతును అంకెల్లోకి మారిస్తే సెకనుకు 1,28,000 బిట్లవుతుంది. డీఎంఆర్ సెట్లలో ఉండే ఏఎంబీఈ+2 వోకోడర్ దాన్ని 2,450 బిట్లకు దించుతుంది, అంటే 52వ వంతుకు. దారిలో చెడిపోయే బిట్లను దిద్దుకోవడానికి ఇంకో 1,150 కలుపుతుంది. వోకోడర్ నిజానికి ధ్వనిని పంపదు. ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి గొంతు శ్రుతి ఎంత, ఏ స్థాయిల్లో నాదం ఉంది, ఏ స్థాయిల్లో ఊపిరి రాపిడి ఉంది, ఏది ఎంత బలంగా ఉంది అనే కొలతలు తీసి పంపుతుంది. అవతలి సెట్టు ఆ కొలతలతో గొంతును మళ్లీ నిర్మిస్తుంది. వినిపించేది పునర్నిర్మించిన గొంతు. మనిషి గొంతు కోసం కట్టిన నమూనా కాబట్టి ఫ్యాను హోరు, లారీ హారన్ దాంట్లో పడితే అదీ గొంతేననుకుని వింత శబ్దాలు చేస్తుంది. గాలి హోరున్న చోట సెట్టును నోటికి దగ్గరగా, కాస్త పక్కగా పట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడితే అవతలివాళ్లకు హాయిగా ఉంటుంది. అరిస్తే ఇంకా చెడుతుంది. ఈ వోకోడర్ ఒక అమెరికన్ కంపెనీ సొంత ఆస్తి కావడం చాలామంది హామ్‌లకు నచ్చని విషయం. ఆస్ట్రేలియా ఇంజనీరు డేవిడ్ రోవ్ అందరికీ తెరిచి ఉంచిన కోడెక్2ను తయారు చేయడం వెనక ఈ అసంతృప్తి ఉంది. రేడియోను విప్పి చూసి నేర్చుకోవడం ఈ అభిరుచికి ప్రాణం కాబట్టి ఆ అసంతృప్తిలో న్యాయం ఉంది.

బిట్లు గాలిలో పోయే పద్ధతి ఇంకా సున్నితం. ట్రాన్స్‌మిటర్ తన ఫ్రీక్వెన్సీని నాలుగు మెట్ల మధ్య మారుస్తుంది. మధ్యగీతకు 648 హెర్ట్జ్ పైన, కింద, 1,944 హెర్ట్జ్ పైన, కింద. ఒక్కో మెట్టు రెండు బిట్లు. సెకనుకు 4,800 మెట్లు, అంటే 9,600 బిట్లు. మెట్టుకూ మెట్టుకూ దూరం 1,296 హెర్ట్జ్ మాత్రమే. ఫ్రీక్వెన్సీ పదిలక్షల్లో ఒక వంతు తప్పితే 435 మెగాహెర్ట్జ్ దగ్గర 435 హెర్ట్జ్ పక్కకు జరిగినట్టే. రెండు మెట్ల మధ్య ఉన్న సగం దూరంలో మూడింట రెండు వంతులు అక్కడే ఖర్చయిపోతాయి. ఇంట్లో పెట్టుకునే, బుల్లి రిపీటర్‌లాంటి హాట్‌స్పాట్ బోర్డు కొన్న కొత్తవాళ్లు ‘సెట్టు పక్కనే ఉన్నా మాట తెగిపోతోంది’ అని చెబుతుంటారు. చాలాసార్లు జబ్బు ఇదే. బోర్డుమీది క్రిస్టల్ కొద్దిగా పక్కకు ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో సవరణ అంకెను కొంచెం కొంచెంగా మారుస్తూ, తప్పు బిట్ల శాతం ఎక్కడ అతి తక్కువగా ఉందో చూసి అక్కడ ఆపితే మాట నిలబడుతుంది.

తప్పు బిట్ల శాతాన్ని హామ్‌లు బీఈఆర్ అంటారు. డిజిటల్ స్టేషన్ నడిపేవాళ్లు రోజూ చూడాల్సిన అంకె అదే. అనలాగ్ రేడియోలో సంకేతం బలహీనపడుతుంటే మాట వెనక సుయ్‌మనే రొద పెరుగుతూ వస్తుంది. వినేవాడికి ముందే తెలుస్తుంది, యాంటెన్నా ఎక్కడో దెబ్బతిందని. డీఎంఆర్‌లో అలాంటి హెచ్చరిక ఉండదు. దిద్దే బిట్లు తప్పులను దిద్దుతున్నంతసేపూ మాట శుభ్రంగా వినిపిస్తుంది. తప్పులు ఐదు శాతం దాటి పోతూ ఉంటే ఉన్నట్టుండి గొంతు ముక్కలై, ఆపైన ఏమీ ఉండదు. కనెక్టర్‌లో నెలల తరబడి తడి చేరుతున్నా, కావిటీ జరిగిపోతున్నా చెవికి తెలియదు. కొలవనివాడికి స్టేషన్ చివరి రోజు వరకూ బాగున్నట్టే ఉంటుంది. అందుకే అనలాగ్ భాగాలను డిజిటల్ మరింత నిక్కచ్చిగా చేయమంటుందని మొదట చెప్పింది.

పెట్టె విషయానికొస్తే రెండు దారులున్నాయి. మోటరోలా, హైటెరాలాంటి కంపెనీల రిపీటర్ కొని పెట్టడం ఒకటి. పాత మొబైల్ రేడియోలు రెండింటిని వినడానికి ఒకటి, పలకడానికి ఒకటిగా తీసుకుని, మధ్యలో ఎంఎండీవీఎం అనే మోడెమ్ బోర్డును, రాస్ప్‌బెర్రీ పై చిన్న కంప్యూటర్‌ను చేర్చడం రెండోది. ఎంఎండీవీఎం సాఫ్ట్‌వేర్ రాసింది జొనాథన్ నేలర్ అనే బ్రిటిష్ హామ్, కాల్‌సైన్ జీ4కేఎల్ఎక్స్. దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. రెండో దారిలో డబ్బు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. మైకు పిన్నుల నుంచి, స్పీకర్ నుంచి సంకేతం తీస్తే పనిచేయదు. అక్కడ రేడియో గొంతుకు అనువుగా సంకేతాన్ని వంచేస్తుంది, నాలుగు మెట్లు చెదిరిపోతాయి. రేడియో వెనక ఉండే 9600 డేటా పోర్టు నుంచే తీసుకోవాలి. తర్వాత డీవియేషన్‌ను, అంటే ఫ్రీక్వెన్సీ అటూఇటూ ఊగే మేరను, 2.75 కిలోహెర్ట్జ్‌కు సర్దాలి. తక్కువైతే మెట్లు దగ్గరపడతాయి, ఎక్కువైతే పక్క చానల్‌లోకి పొర్లుతాయి. రిపీటర్‌కు వాడే రేడియో గంటల తరబడి ఆగకుండా పలకాలి కాబట్టి 40 వాట్ల మొబైల్‌ను 20 వాట్లకు తగ్గించి, వెనక ఫ్యాను పెట్టేవాళ్లు ఎక్కువకాలం సుఖపడతారు.

అనుమతి లేకుండా ఇందులో ఏ పనీ మొదలుపెట్టకూడదు. మన దేశంలో హామ్ లైసెన్సుకు కేంద్ర టెలికం శాఖ పరీక్ష రాయాలి. రిపీటర్‌కు ఆ శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. డీఎంఆర్ సెట్ల మెనూలో మాటను రహస్యంగా మార్చే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. హామ్ బ్యాండులో దాన్ని ఆన్ చేయడం నిషిద్ధం. ఎవరైనా వినగలిగేలా మాట్లాడటమే ఇక్కడి నియమం.

సెట్టులో నింపే వివరాల మొత్తాన్ని కోడ్‌ప్లగ్ అంటారు. కొత్తవాళ్లను ఎక్కువగా భయపెట్టేది ఇదే. సారాంశం మాత్రం కొద్దిదే. రిపీటర్ ఫ్రీక్వెన్సీలు రెండు. 0 నుంచి 15 వరకు ఉండే కలర్ కోడ్, అంటే అదే ఫ్రీక్వెన్సీ మీద దూరంగా ఉన్న మరో రిపీటర్‌తో కలవకుండా ఉంచే గుర్తు. ఏ వంతులో మాట్లాడాలో చెప్పే టైమ్‌స్లాట్, 1 లేదా 2. ఎవరితో మాట్లాడాలో చెప్పే టాక్‌గ్రూప్ అంకె. చివరగా మాట్లాడేవారి సొంత ఏడంకెల ఐడీ. భారతీయ హామ్‌ల ఐడీలు 404తో మొదలవుతాయి, మొబైల్ ఫోన్లలో దేశానికి గుర్తుగా వాడే అంకె అదే. ఈ ఐదింటిలో ఒక్కటి తప్పినా మౌనమే. సెట్టు బాగుంటుంది, రిపీటర్ బాగుంటుంది, ఒకరికొకరు వినపడరు.

ఇంకో సంగతి అనలాగ్‌కు అలవాటుపడ్డవాళ్లను తికమక పెడుతుంది. పాత రిపీటర్ మీద, దాని మాట మనకు వినపడకపోయినా, మన మాట దానికి పోవచ్చు. డీఎంఆర్ చేతిసెట్టు అలా కాదు. మాట్లాడటానికి నొక్కే పీటీటీ బటన్ నొక్కగానే అది ముందు రిపీటర్‌ను లేపే చిన్న సంకేతం పంపుతుంది. రిపీటర్ పలికి తన కాలపు కొలతను చూపిస్తేనే సెట్టు తన వంతు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకుని మాట మొదలుపెడుతుంది. రిపీటర్ వినపడకపోతే బొంయ్‌మని తిరస్కరించి ఊరుకుంటుంది. కాబట్టి పీటీటీ నొక్కాక అనుమతి బీప్ వినపడేదాకా ఆగి మాట్లాడాలి. ఆగనివాళ్ల మొదటి మాట ఎప్పుడూ ఎవరికీ చేరదు, అది చాలాసార్లు వాళ్ల కాల్‌సైనే.

రిపీటర్‌ను ఇంటర్నెట్‌కు కలిపితే పరిధి కొండ దాటిపోతుంది. హామ్‌లు నడుపుకునే బ్రాండ్‌మైస్టర్ నెట్‌వర్క్‌లో టాక్‌గ్రూప్ 91 ప్రపంచమంతటిదీ, 404 భారతదేశానిది. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగు హామ్ తన ఇంటి హాట్‌స్పాట్ మీద 404 నొక్కితే, ఆ గ్రూపుకు కట్టి ఉంచిన రిపీటర్ పరిధిలోని చేతిసెట్టులో పలుకుతాడు. ఇది ఆనందం కలిగించే విషయమే. నడిపేవాళ్లకు మాత్రం ఇక్కడ ఒక బాధ్యత ఉంది. ప్రపంచ గ్రూపులను రెండు స్లాట్లలోనూ ఎప్పుడూ తెరిచి పెడితే రిపీటర్ రాత్రింబగళ్లు ఎక్కడివో మాటలు పలుకుతూ వేడెక్కుతుంది, ఊళ్లో ఇద్దరు మాట్లాడుకుందామంటే సందు దొరకదు. ఒక స్లాట్‌ను బయటి ప్రపంచానికి, రెండోదాన్ని స్థానికులకు పూర్తిగా వదిలిపెట్టడం న్యాయమైన పంపకం. మాటకూ మాటకూ మధ్య రెండు సెకన్ల విరామం ఇవ్వడం, మూడు నిమిషాల పరిమితి దాటకుండా ఓవర్ చెప్పడం నెట్‌వర్క్ మీద ఇంకా అవసరం. ఆ విరామంలోనే ఇంకెవరైనా అత్యవసరమని చెప్పగలరు.

స్థానిక స్లాట్‌కు అంత విలువ ఎందుకో తెలుగువాళ్లకు అనుభవంలోనే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు కరెంటు పోయింది, మొబైల్ టవర్లు మూగబోయాయి. నగరంలో చాలామందికి రోజుల తరబడి ఫోను పలకలేదు. అంతకు పదేళ్ల ముందు, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు, భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక హామ్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. 1983లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఆ యాత్రను ఏర్పాటు చేసింది. ప్రపంచంతో సరదా సంభాషణల కోసం పట్టుకెళ్లిన సెట్లు ఆ ఉదయం నుంచి అండమాన్ ద్వీపాల క్షేమ సమాచారం చేరవేశాయి. వాళ్లు వాడింది దూరాలు దాటే హెచ్‌ఎఫ్ తరంగాలు, డీఎంఆర్ కాదు. ఆ సెట్లకూ అవతలి సెట్లకూ మధ్య ఎవరి కేబులూ, ఎవరి సర్వరూ లేకపోవడమే ఆ రోజు పనికొచ్చింది. ఇంటర్నెట్ మీదే ఆధారపడిన డీఎంఆర్ స్టేషన్ తుపాను రోజున ఫోనుకంటే ఒక గంట కూడా ఎక్కువ బతకదు. స్థానిక స్లాట్, బ్యాటరీ, కొండమీది యాంటెన్నా ఉన్న స్టేషన్ బతుకుతుంది.

బ్యాటరీ లెక్క ఎవరికివారు వేసుకోవచ్చు. స్టేషన్ ఊరికే వింటున్నప్పుడు సుమారు ఒక ఆంపియర్, పలుకుతున్నప్పుడు 11 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. పదింట మూడు వంతుల సమయం పలికితే సగటున నాలుగు ఆంపియర్లు. 100 ఆంపియర్–అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ కాగితం మీద 25 గంటలు నడపాలి. సగానికంటే దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి నిజంగా దక్కేది 12 గంటలు. రెండు రోజులు నిలవాలంటే నాలుగు బ్యాటరీలు, లేదా ఎక్కువ లోతుకు దించగలిగే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు, పగటిపూట నింపే సౌర పలకలు కావాలి. స్టేషన్ శక్తిని 40 నుంచి 20 వాట్లకు తగ్గిస్తే వినేవాళ్లకు తెలిసే తేడా మూడు డెసిబెల్లే. బ్యాటరీకి మాత్రం గంటలు కలిసొస్తాయి.

బంగాళాఖాతంలో తుపాన్ల కాలం మొదలవకముందే, సెప్టెంబరులో, స్టేషన్ నడిపేవాళ్లు ఒక రోజంతా పరీక్షకు కేటాయించడం మంచిది. మొదట రూటరు కేబుల్ పీకేయాలి. చాలా పెట్టెలు నెట్‌వర్క్ తెగగానే తమను తాము మళ్లీ మళ్లీ మొదలుపెట్టుకుంటూ ఉంటాయి, కొన్ని అసలు పలకవు. ఆ సెట్టింగ్ ఎక్కడుందో ఎండలో వెతుక్కోవడం తుపానులో వెతుక్కోవడంకంటే నయం. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ మీద ఎన్ని గంటలు నడిచిందో గడియారం చూసి రాసుకోవాలి. ఆలోపు ఇద్దరు మనుషులు చేతిసెట్లతో చెరో దిక్కుకు వెళ్లి, ప్రతి ఐదు కిలోమీటర్లకు ఆగి మాట్లాడాలి. ఎక్కడ అనుమతి బీప్ రాలేదో, ఎక్కడ బీఈఆర్ మూడు శాతం దాటిందో గదిలో ఉన్నవాళ్లు మ్యాపు మీద గుర్తు పెట్టాలి. కిందటేడు మ్యాపును దాని పక్కన పరచి, గుర్తులు ఏ వైపు లోపలికి జరిగాయో చూడాలి. ఒకే దిక్కున జరిగితే కొత్తగా లేచిన మేడనో, యాంటెన్నా వంగడాన్నో అనుమానించాలి. అన్ని దిక్కులా సమానంగా జరిగితే ముందు టవరు మీది కనెక్టర్‌ను, ఆ తర్వాత కావిటీలను విప్పి చూడాలి.